దిగువ గాలి

ఎల్ ఆల్తోలో గాలి పలచన,
నీళ్ళెక్కువైన మజ్జిగలా.
కొత్తవాళ్ళకి రెండు ఊపిర్లు తీస్తే గానీ
ఒక మాట పెగలదు.
సతుర్నీనా షెడ్డులో ఆ కొరతకో మందుంది:
లారీ నుంచి ఊడదీసిన టర్బో,
పాత డాట్సన్‌కి తగిలించింది.
ఇనప నత్తగుల్ల అది.
పారేసే పొగతోనే తిరుగుతూ గాలిని పట్టి
కార్బొరేటర్ నోట్లో కుక్కుతుంది,
మారాం చేసే పిల్లాడికి ముద్ద కుక్కినట్టు.

పనికి చేరిన మూడో వారం, నా మొదటి పాఠం చెవి.
రాగి గొట్టం ఒక చివర నలగ్గొట్టి
ఇంజను బ్లాకుకి బోల్టు బిగించింది.
రెండో చివర రబ్బరు ట్యూబు, నా చెవిలో.
"వినపడిందా?"
"ఆఁ."
"ఏం వినపడింది?"
నీళ్ళు నమిలాను.

"మంట పాకాలి, ఎలియోదోరో.
ఎండిన గడ్డి మీద గాలివాటున
ఈ అంచు నుంచి ఆ అంచుకి.
తన వంతు రాకముందే
మూలనున్నది తనంతట తాను పేలిందా,
అది మంట కాదు. సుత్తి."

వాళ్ళ నాన్న వనూనీ తగరం గనిలో
పొద్దున్నే గడ్డపారతో పైకప్పు తట్టేవాడట.
గట్టి రాయి గంటలా పలికేది.
వదులు రాయి డొల్లగా మూలిగేది.
మూలిగిన చోటికి మనిషిని పోనిచ్చేవాడు కాదట,
ఒక్క రోజు తప్ప.
ఆ రోజు గురించి ఆమె చెప్పలేదు.
నేను ప్లగ్గులు తుడుస్తూ కూర్చున్నాను.

పందెం కరానావీలో.
మూడున్నర వేల మీటర్ల దిగుడు.
కనుమ మీద మంచు, యోలోసా దగ్గర చెమట,
నారింజ తోటల వాసన, తడి బట్టలా ఒంటికి అంటుకునే గాలి.
గాలి చిక్కబడేకొద్దీ
సిలిండర్లో పెట్రోలు పలచబడుతుందని
నాకప్పటికింకా తెలీదు.
రెమిహియో యాక్సిలరేటర్ తొక్కాడు.
ట్యూబు చెవిలోనే ఉంది.
పెనం మీద మొక్కజొన్న గింజలు
ఒకటి, రెండు, తర్వాత గుప్పెడు.

"ఆపు!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

కాలుతున్న ప్లగ్గు ఊడదీసి
తెల్లటి పింగాణీ ఎండకి పట్టి చూపించింది:
ఆవగింజలో పదో వంతు వెండి చుక్కలు.
"ఇది పిస్టనే.
కొంచెం కొంచెంగా బయటికొచ్చేస్తోంది."

సార్డీన్ డబ్బాలోంచి పెద్ద జెట్టు తీసింది.
డిస్ట్రిబ్యూటర్‌ని నాలుగు డిగ్రీలు వెనక్కి తిప్పింది.
వేస్ట్‌గేట్ స్ప్రింగు వదులు చేసింది.
"గుర్రం కొన్నాం, గాడిదని తోలుకెళ్తున్నాం," అని
రెమిహియో టైరుని తన్నాడు.
ఆమె పట్టించుకోకుండా
చెరకు సారా సీసా మూత తిప్పింది.
మొదటి చుక్కలు పచమామకి, నేల మీద.
మిగతాది సగానికి సగం నీళ్ళు కలిపి
అద్దాలు కడిగే తొట్టిలో పోసింది.
దాని గొట్టం ఇప్పుడు అద్దం మీదికి కాదు,
కార్బొరేటర్ గొంతులోకి.
బూస్టు పెరిగినప్పుడల్లా ఇంజనుకో గుక్క.

మళ్ళీ ఎత్తు ఎక్కించాం, మూడో గేరు, నిండా తొక్కి.
"ఏం వినపడింది?"
"ఏం లేదు."
"ఇంకోసారి విను."
"ఏం లేదు, దోన్యా."
జేబులోంచి కోకా ఆకులు తీసి నాకూ కొన్ని పెట్టింది.

పందెంలో నాలుగో స్థానం.
రెమిహియో రెండు రోజులు మాట్లాడలేదు.
మొదటొచ్చిన బండి మాత్రం
లారీ ఎక్కి ఇంటికెళ్ళింది.

తిరుగు దారిలో కనుమ ఎక్కుతుంటే
వెనక నల్లపొగ, దగ్గు.
కింద చాలని పెట్రోలు పైన ఎక్కువైంది.
మంచులో ఆగాం.
చిన్న జెట్టు నా అరచేతిలో పెట్టి
"నువ్వే," అంది.
వేళ్ళు కొంకర్లు పోయి, జారి రాళ్ళలో పడింది.
టార్చి వేసుకుని అరగంట వెతికాం.
ఆమె తిట్టలేదు.
వెతుకుతూ వెతుకుతూ
కొండకి అంటుకున్న బండ ఒకదాన్ని
చేతిలో స్పానరుతో టంగుమని తట్టి,
తల వంచి
విన్నది.